బుధవారం, మొదటి మూడు సంచులు

ఏ హడావుడీ లేని రోజు. చిన్న వ్యాపారం మొదలుపెట్టాలనుకునేవాళ్లను ముంచేది ఇలాంటి రోజే. పనిలాగే కనిపించే పనులు బోలెడు ఎదురుగా ఉంటాయి. పేరు ఏం పెట్టాలి, లోగో ఏ రంగులో ఉండాలి, కార్డులు ఎలా అచ్చు వేయించాలి, ఇంకో రెండు వీడియోలు చూశాక మొదలుపెడితే మేలు కదా... పొద్దుగూకేసరికి ఒళ్లు అలిసిపోతుంది, అడుగు మాత్రం ముందుకు పడదు. వీటిలో ఏ పనిలోనూ అవతలి మనిషి 'వద్దు' అనే వీలు లేదు. అందుకే ఇవి అంత తేలిగ్గా చేతికొస్తాయి.

దీన్ని బద్ధకం అనడం నాకు నచ్చదు. బద్ధకస్తుడు సాయంత్రానికి ఇంత అలిసిపోడు. ఫ్యూషా సిరోయిస్, తిమోతీ పిచిల్ అనే పరిశోధకులు 2013లో వాయిదా వేసే అలవాటును ఇలా వివరించారు: పని తలుచుకోగానే కలిగే భయాన్నీ చిరాకునూ అప్పటికప్పుడు వదిలించుకోవడానికి మనిషి ఆ పనిని పక్కన పెడతాడు. వ్యాపారంలో ఆ భయం మూడు ప్రశ్నలుగా ఉంటుంది. నా సరుకు నిలబడుతుందా? ఈ ధర సరైనదేనా? అడిగితే కొంటారా? మూడూ కలిసి ఒకే దిగులుగా మనసులో కూర్చున్నంతకాలం మీనమేషాలు లెక్కపెడుతూనే ఉంటాం. విడదీస్తే మొదటి రెండిటికీ ఇంట్లోనే జవాబు దొరుకుతుంది.

గుడ్డ సంచులు కుట్టి అమ్మాలన్న ఆలోచన ఉందనుకుందాం. మొదటి ప్రశ్నకు మూడు సంచులు చాలు. బట్టను ముందు ఉతికి ఆరబెట్టాలి. ఉతకని నూలు బట్ట 5 శాతం కుంచించుకుపోయినా 40 సెంటీమీటర్ల ఎత్తులో 2 సెంటీమీటర్లు పోతాయి, కొన్నవాళ్లు అడుగుతారు. ఉతికాక 115 సెంటీమీటర్ల పన్నా ఉన్న బట్టలో 38 వెడల్పు, 88 పొడవుతో మూడు ముక్కలు పక్కపక్కనే వస్తాయి. ముక్కను మధ్యకు మడిచి, పక్కలకు ఒకటిన్నర చొప్పున, పై అంచు మడతకు నాలుగు చొప్పున వదిలితే 35 వెడల్పు, 40 ఎత్తు ఉన్న సంచి తయారవుతుంది. ఇంకో 24 సెంటీమీటర్ల బట్టలో 57 పొడవు, 8 వెడల్పుతో ఆరు పట్టీలు. పట్టీని నాలుగు మడతలు వేస్తే 2 సెంటీమీటర్ల పిడి అవుతుంది. చేతికి తగిలించుకోవడానికి సరిపోతుంది, భుజానికి చాలదు. మొత్తం 112 సెంటీమీటర్ల బట్ట.

ఇలాంటి సంచి ముందుగా చెడేది పిడి అతికిన చోట. అక్కడ ఒకే వరస కుట్టు వేస్తే బరువంతా ఆ వరస మీదే పడి, దారం తెగుతుంది లేదా బట్ట చిరుగుతుంది. పిడి చివరను పై అంచు మడతలోకి దూర్చి, చుట్టూ చదరంగా కుట్టి, మధ్యలో మూల నుంచి మూలకు రెండు వరసలు కుట్టాలి. తర్వాత 5 కిలోల బరువు పెట్టి రాత్రంతా కొక్కేనికి వేలాడదీయాలి. తెల్లారాక కుట్టు వదులైందా, బట్ట సాగిందా అన్నది కంటికే కనిపిస్తుంది. 'నాకు చేతనవుతుందా' అన్న ప్రశ్నకు ఎంత ఆలోచించినా జవాబు రాదు. 'ఈ పిడి 5 కిలోలు మోస్తుందా' అన్నదానికి తప్పకుండా వస్తుంది. మనిషికి తన మీద నమ్మకం కుదిరే దారుల్లో అన్నిటికన్నా బలమైనది స్వయంగా చేసి నెగ్గడమేనని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లోనే చెప్పారు. ఎదుటివాళ్ల మెచ్చుకోలు దాని తర్వాతే.

ఇక ధర. మన మీద మనకున్న అనుమానం జేబుకు తగిలేది ఇక్కడే. అమ్మకం ధర 10 పాళ్లు, బట్ట, దారం, కుట్టుకూలి కలిపి ఖర్చు 6 పాళ్లు అనుకుంటే సంచికి 4 పాళ్లు మిగులుతుంది. కత్తెర, మెషీన్ బాగుచేయడం లాంటి మొదటి ఖర్చు 80 పాళ్లయితే 20 సంచులతో తిరిగొస్తుంది. ఎవరూ అడగకముందే 'కొత్త కదా' అని ధర 8కి దించితే మిగిలేది 2, అంటే 40 సంచులు కుట్టాలి. ధర తగ్గింది అయిదో వంతే, చాకిరీ మాత్రం రెట్టింపు. తన కూలిని ఖర్చులో రాయకుండా 'లాభమే' అనుకునేవాళ్లు నాలుగైదు ఆర్డర్లకే నీరసపడి మానేస్తారు. ఆ మానేయడాన్ని మళ్లీ తమ చేతకానితనం కింద రాసుకుంటారు. అదే నాకు బాధ.

కూలి తెలియాలంటే గడియారం పెట్టుకోవాలి. మొదటి సంచి సమయం పనికిరాదు, మూడోది రాసుకోవాలి. గడువు చెప్పేటప్పుడు దానిమీద ఇంకో సగం కలపాలి. 1994లో అచ్చయిన ఒక అధ్యయనంలో విద్యార్థులు తమ సిద్ధాంత వ్యాసం సగటున దాదాపు 34 రోజుల్లో ముగుస్తుందన్నారు, పట్టింది 55 రోజుల పైనే. చాలామంది అంచనా ఇలాగే తక్కువలో ఉంటుంది. గడువు తప్పితే మన మీద మనకే నమ్మకం పోతుంది, అది కొన్నవాళ్ల కోపం కన్నా చెరుపు చేస్తుంది.

పనికి కూర్చోవడానికి 'రేపు చేస్తాను' అన్న మాట చాలదు. ఏది జరగగానే ఏది చేయాలో కలిపి ముందే అనుకుంటే పని మొదలయ్యే అవకాశం పెరుగుతుందని మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో రాశారు. 'రాత్రి భోజనాల బల్ల తుడవగానే మెషీన్ కవర్ తీసి పక్క కుట్టు వేస్తాను' అన్నంత వివరంగా ఉండాలి. పడుకునే ముందే బాబిన్ (కింది దారం చుట్టే చిన్న కండె) నింపి, సూదిలో దారం ఎక్కించి, ముక్కను సూది కింద పెట్టి ఉంచితే మరీ మంచిది. కూర్చున్నాక చాలామంది లేచిపోయేది దారం వెతుక్కునే ఆ పది నిమిషాల్లోనే.

మూడో ప్రశ్నకు మాత్రం గడప దాటాలి. పరీక్షకు నిలిచిన సంచుల్లో ఒకటి చూపించి అయిదుగురిని అడగాలి, అందులో కనీసం ముగ్గురు చుట్టాలూ స్నేహితులూ కానివాళ్లు కావాలి. 'ఎలా ఉందండీ?' అని అడిగితే 'బాగుందండీ' అంటారు, అది ఆర్డర్ కాదు. కొలత, ధర, ఇచ్చే తేదీ, ముందుగా ఇవ్వాల్సిన సొమ్ము, ఈ నాలుగూ ఒకే మాటలో చెప్పి 'ఎన్ని రాసుకోమంటారు?' అని ఆగాలి. ఆ ఆగిన క్షణం చాలా పొడుగ్గా అనిపిస్తుంది. అది భరించలేక మనమే ధర తగ్గించేస్తాం. నోరు మూసుకోవాలి, అంతే.

జవాబును మన మాటల్లో కాకుండా వాళ్ల మాటల్లోనే నోటు పుస్తకంలో రాయాలి. 'ఎక్కువ ధర' అంటే ఒక అర్థం, 'ఇప్పుడవసరం లేదు' అంటే ఇంకొకటి, 'భుజానికి తగిలించుకునేలా లేదు' అంటే పిడి పొడవు పెంచమని. ఉలుకూ పలుకూ లేకపోతే మూడు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి పలకరించి, అప్పటికీ జవాబు రాకపోతే పేరు కొట్టేయాలి. అయిదుగురూ వద్దంటే ఒక్కటే మార్చాలి: పొడవు గానీ, ధర గానీ, అడిగిన మనుషులను గానీ. మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, తర్వాతి అయిదుగురి దగ్గర మళ్లీ గుడ్డిగానే మొదలుపెట్టాల్సి వస్తుంది.