కారే కుళాయి, తొలి మరమ్మతు

కట్టేసినా చుక్క చుక్క పడుతోందంటే చాలాసార్లు తప్పు లోపలి రబ్బరు బిళ్ల, అంటే వాషర్‌దే. అది అరిగిందని తెలియక ఇంకా గట్టిగా బిగిస్తే నలిగిపోయి లీకు పెరుగుతుంది. మెయిన్ వాల్వ్ కట్టేసి, పైపులో మిగిలిన నీళ్లు వదిలాకే విప్పండి. కొత్తది కొనడానికి పాత వాషర్ వెంట తీసుకెళ్లాలి, కంటి అంచనా కుదరదు. పావు చుట్టుతో తెరుచుకునే కుళాయిలో మాత్రం వాషర్ ఉండదు, లోపల నీటిని తెరిచి మూసే కార్ట్రిడ్జ్ అనే భాగం మార్చాలి.

కుళాయి గోడలోకి దిగే చోట కారితే అది టెఫ్లాన్ టేపు పని. కుళాయి విప్పి, మర మీది పాత టేపు పీలికలన్నీ గీకేయండి. మర చివర మీవైపు పెట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టాలి. తిరగేసి చుడితే బిగించేటప్పుడు టేపు ఊడి ముద్ద కడుతుంది. పల్చటి టేపైతే అర అంగుళం మరకు 8-10 చుట్లు పడతాయి.

కొత్తవాళ్లు దెబ్బతినేది ఆ తర్వాతే. కుళాయి నిటారుగా రాలేదని కాస్త వెనక్కి తిప్పుతారు. అంతే, సీలు పోయినట్టే. విప్పి మళ్లీ చుట్టాల్సిందే. గోడలో ఉన్నది ప్లాస్టిక్ ఎల్బో (పైపు వంపు ముక్క) అయితే పానా మీద బలం చూపించకండి. అది పగిలితే టైల్సు కూడా పగలగొట్టాలి!

చివరగా మెయిన్ వాల్వ్ మెల్లగా తెరిచి, జాయింటు చుట్టూ పొడి టిష్యూ పేపర్ చుట్టి పావుగంట ఆగండి. కంటికి కనిపించని చెమ్మ కాగితం మీద తేలుతుంది.