మాత్ర మానేసి ఎన్నాళ్లయింది మాస్టారూ?

పదకొండేళ్లుగా బీపీ మాత్రలు వాడుతున్న నేను, గత వేసవి నుంచి వాటిని రోజు విడిచి రోజు వేసుకుంటున్న సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మంచం మీది నుంచి లేవగానే కళ్లు తిరుగుతుండటంతో, బీపీ మరీ తగ్గితే మెదడుకు రక్తం అందదేమోనని నాకు నేనే తీర్మానించుకున్నాను. గుంటూరు కొత్తపేటలో నన్ను చూసే నరాల డాక్టరుగారు 168/98 చూసి, ఎంఆర్‌ఐతో పాటు మెదడులో రక్తప్రవాహాన్ని కొలిచే పరీక్ష కూడా చేయించమని విజయవాడకు రాసిచ్చారు.

సూర్యారావుపేటలోని స్కానింగ్ సెంటర్‌వారు, కాఫీ మెదడు రక్తనాళాలను కుదిస్తుంది కాబట్టి ఆ ఉదయం తాగవద్దన్నారు. నాకు అదే పెద్ద పరీక్ష. ఇక తీసేయమన్న పెళ్లినాటి ఉంగరం వేలి కణుపు దాటలేదు. ఆయా కొబ్బరినూనె రాసి, దారం చుట్టి లాగితే గానీ ఊడిరాలేదు.

కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇవ్వలేదు. మెడ దగ్గర పైకి పారే రక్తంలోని నీటికే అయస్కాంత శక్తితో గుర్తు వేసి, అది మెదడుకు చేరేందుకు రెండు సెకన్లలోపు ఆగి చిత్రం తీస్తారనీ, గుర్తు వేయని చిత్రానికీ దీనికీ ఉన్న తేడా నుంచే ప్రవాహాన్ని లెక్కగడతారనీ టెక్నీషియన్ ఓపిగ్గా చెప్పాడు. ఆ తేడా నూటికి ఒక పాలు మాత్రమే కనుక పదేపదే తీసి సగటు కట్టాలి. తల కదిలితే లెక్క చెడుతుంది. నాకు సరిగ్గా మూడో నిమిషంలో దగ్గు వచ్చింది. ఆ భాగం మళ్లీ మొదటి నుంచి తీశారు.

పెద్దవారి మెదడుకు ప్రతి 100 గ్రాములకు నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందాలి. నా మెదడు లోపలి భాగంలో మెంతిగింజల్లాంటి తెల్లమచ్చలను డాక్టరుగారు తెరపై చూపించి, "మాత్ర మానేసి ఎన్నాళ్లయింది మాస్టారూ?" అన్నారు. ఒప్పుకోక తప్పలేదు.

బీపీ ఏళ్లతరబడి ఎక్కువగా ఉంటే సన్నని నాళాల గోడలు దళసరెక్కి దారి ఇరుకై ఇలాంటి మచ్చలు పడతాయనీ, మెదడు తన రక్తప్రవాహాన్ని నిలకడగా ఉంచుకోగలిగే బీపీ పరిధి కూడా పైకి జరుగుతుందనీ, అందుకే ఒక్కసారిగా దించితే కళ్లు తిరుగుతాయనీ ఆయన వివరించారు. నా భయానికి జవాబుగా, అమెరికాలో జరిగిన స్ప్రింట్ పరిశోధన గురించి చెప్పారు: పై అంకెను 120 లోపుకు దించాలని చికిత్స చేసినవారిలో, 140 లోపు లక్ష్యంగా పెట్టుకున్నవారికంటే ఆ మచ్చలు తక్కువగా పెరిగాయి, మెదడుకు రక్తం తగ్గనూ లేదు.

పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశాక రెండు మాత్రల్లో ఒకటి మార్చారు. ఇప్పుడు రోజూ వేసుకుంటున్నాను. తెల్లవారి లేచాక రెండు నిమిషాలు మంచం అంచున కూర్చుని, ఆ తర్వాతే కాఫీకి వెళ్తున్నాను.