అట్టపెట్టెలో వచ్చిన పొగ నియంత్రణ సామాను: ఏది ఏమిటో ఎలా తేల్చుకున్నానంటే

విప్పింది ఒకరు, బిగించాల్సింది నేను. 1973 నాటి షెవర్లే 350 వీ8 ఇంజిన్ నా చేతికొచ్చేసరికి పైన సగం రబ్బరు గొట్టాలు లేవు, ఉన్నవాటి చివర్లలో స్క్రూలు దూర్చి మూసేశారు, తీసేసిన సామానంతా ఒక అట్టపెట్టెలో పడేసి ఇచ్చారు. చూసినవాళ్లందరూ ఒకటే మాట, అదంతా పొగ తగ్గించే సామాను, పారేయండి, బండి ఇంకా బాగా లాగుతుంది అని. నాకు ఆ సలహా నచ్చలేదు. ఆ ఇంజిన్ ఫ్యాక్టరీ నుంచి ఎలా బయటికొచ్చిందో అలాగే నిలబెట్టాలని నా పట్టుదల. పైగా డెబ్బైల ఇంజిన్లలో పవర్ తగ్గిన పాపమంతా వీటి మీద వేయడం అన్యాయం. షెవర్లే మాతృసంస్థ జీఎం వాళ్లు 1971లోనే కంప్రెషన్ తగ్గించారు, అంటే సిలిండర్‌లో గాలి-పెట్రోలు మిశ్రమాన్ని నొక్కే మోతాదు. 1972 నుంచి అమెరికాలో హార్స్‌పవర్ లెక్కే మారింది, ఫ్యాను, ఆల్టర్నేటర్, సైలెన్సర్ అన్నీ తగిలించి కొలిచిన నెట్ అంకె వేయడం మొదలుపెట్టారు. కాగితం మీద అంకెలు పడిపోవడానికి ఈ రెండే పెద్ద కారణాలు.

ముందు కావాల్సింది ఏ భాగం ఏ ఏడాది వచ్చిందన్న అవగాహన. క్రాంక్‌కేసులో చేరే ఆవిర్లను తిరిగి ఇంజిన్‌లోకే పంపే పీసీవీ వాల్వ్ అరవైల మొదట్లోనే కాలిఫోర్నియా కార్లలో వచ్చేసింది. ఎగ్జాస్ట్‌లోకి గాలి కొట్టే ఎయిర్ పంపు 1966లో, అదీ మొదట కాలిఫోర్నియాకే. పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా అక్కడ 1970లో, దేశమంతటా 1971లో. కాలిన పొగను కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ ఎక్కువ అమెరికన్ కార్లలో కనిపించేది 1973 నుంచి. ఎగ్జాస్ట్‌లోని విషవాయువులను మార్చే కెటలిటిక్ కన్వర్టర్ 1975లో. అంటే నా ఇంజిన్‌కి ఈజీఆర్ ఉండి తీరాలి, కన్వర్టర్ ఉండకూడదు. ఈ ఒక్క లెక్కతోనే సగం గందరగోళం తగ్గింది. పోత పోసిన భాగాల మీద తేదీ కూడా ఉంటుంది, జీఎం వాటిలో నెలకో అక్షరం, జనవరికి ఏ నుంచి డిసెంబరుకి ఎల్ దాకా, తర్వాత రోజు, చివర్లో సంవత్సరం ఆఖరి అంకె. సిలిండర్లకి గాలి-పెట్రోలు పంచే నా ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీద తుప్పు గీకితే చివర 3 కనబడింది. అప్పుడు ధైర్యం వచ్చింది, ఇది అసలు ఇంజిన్‌తో వచ్చినదే అయ్యుండాలని.

పెట్టెలో సామాను ఆకారం చూసి పోల్చుకుందామంటే కుదరదు, ఎందుకంటే గుండ్రటి రేకు డబ్బాలాంటివి అన్నీ ఒకేలా ఉంటాయి. అందుకని దేనికి ఏం తగులుతుందో చూసి విడదీశాను. సన్నటి గొట్టం పట్టే మూతి ఉంటే అది వాక్యూమ్ సంకేతంతో, అంటే ఇంజిన్ గాలి పీల్చే లాగుడుతో, పనిచేసేది. బొటనవేలంత లావు గొట్టం పట్టేదైతే దానిలోంచి గాలో ఆవిరో నిజంగా ప్రవహిస్తుంది. వైర్లు ఉంటే సోలినాయిడ్ (కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వ్) లేదా స్విచ్. ఇత్తడి ఒళ్లు, కింద మరలు, పైన రెండు మూడు మూతులు ఉంటే అది కూలెంట్ దారిలో బిగించే టెంపరేచర్ స్విచ్.

అన్నిటికన్నా ఎక్కువ టైం తీసుకున్నది ఎయిర్ పంపు జట్టు. పంపు ఒక్కటే ఉంటే చాలదు కదా, దానితో పాటు డైవర్టర్ వాల్వ్, చెక్ వాల్వులు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లోకి వెళ్లే ఇనుప గొట్టాలు అన్నీ ఉండాలి. ఇది నా ఇంజిన్‌దేనా అన్న అనుమానం తీర్చింది మానిఫోల్డే. ప్రతి పోర్టు దగ్గరా ఒక మర కన్నం, దానిలో బిగించిన డమ్మీ. డమ్మీలు ఉన్నాయంటే ఒకప్పుడు అక్కడ గొట్టాలు ఉండే ఉండాలి. చెక్ వాల్వ్‌ని పోల్చుకోవడం సులువు, నోటితో ఊదితే ఒకవైపు నుంచి గాలి పోతుంది, రెండోవైపు నుంచి పోదు. నా దగ్గరున్న ఒకదానిలో రెండువైపులా పోయింది, అంటే అది చచ్చిపోయింది, దాన్ని అలాగే బిగిస్తే వేడి ఎగ్జాస్ట్ వెనక్కి వచ్చి గొట్టాన్ని కాల్చి పంపును కూడా పాడుచేస్తుంది. డైవర్టర్ వాల్వ్ పని మాత్రం చాలా ముచ్చటైనది. యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేస్తే మానిఫోల్డ్‌లో వాక్యూమ్ పెరిగిపోతుంది, కాలని పెట్రోలు ఎగ్జాస్ట్‌లోకి వస్తుంది, అప్పుడే తాజా గాలి కూడా తగిలితే సైలెన్సర్‌లో ఢామ్మని పేలుతుంది. అందుకే ఆ కొద్ది క్షణాలూ ఇది పంపు గాలిని బయటికి వదిలేస్తుంది. పాత బండి ఎక్కడైనా అలా పేలుతుంటే కార్బరేటర్‌ని తిట్టేముందు దీని సన్న గొట్టం ఊడిందేమో చూడండి. పంపులో నూనె మాత్రం వేయొద్దు, కిర్రుమంటున్నా సరే.

ఈజీఆర్ వాల్వ్ పుట్టగొడుగు తలలా ఉంటుంది, కార్బరేటర్ పక్కనే మానిఫోల్డ్ మీద కూర్చుంటుంది. కాలిన పొగ కొంచెం తిరిగి లోపలికి పంపితే మంట వేడి తగ్గుతుంది, వేడి తగ్గితే నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ పుడతాయి, దాని పని అంతే. చేతి వాక్యూమ్ పంపు తగిలించి లాగితే లోపలి కాడ పైకి లేవాలి, లాగినచోటే నిలబడాలి, వెంటనే జారిపోతే డయాఫ్రమ్ చిరిగినట్టు. నాది నిలబడింది. కానీ మానిఫోల్డ్‌లోని దారి మసితో గట్టిగా మూసుకుపోయి ఉంది, అదంతా ఓపిగ్గా గీకాల్సి వచ్చింది. ఒక జాగ్రత్త, ఆ కాలపు గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, పొడిగా వైరు బ్రష్షుతో రుద్దకండి, తడిపి మెల్లగా లేపండి. ఊపిరితిత్తుల కంటే ఇంజిన్ ముఖ్యం కాదు.

అసలు టెన్షన్ పెట్టింది రెండు మూతులూ వైర్లూ ఉన్న ఒక చిన్న సోలినాయిడ్. చివరికి తేలింది, అది టీసీఎస్ (ట్రాన్స్‌మిషన్ కంట్రోల్డ్ స్పార్క్) ది, కింది గేర్లలో డిస్ట్రిబ్యూటర్‌కి వాక్యూమ్ అడ్వాన్స్, అంటే వాక్యూమ్‌తో స్పార్కును ముందుకు జరిపే ఏర్పాటు, అందకుండా ఆపేది. దీని స్విచ్ గేర్‌బాక్స్ మీద ఉంటుంది, నా గేర్‌బాక్స్ పక్కన ఉత్త వైరు ఒకటి వేలాడుతుంటే దేనిదా అని అనుకుంటూనే ఉన్నాను, ఇది దొరికాక రెండూ కలిశాయి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఈ ఆంక్ష తీసేయడానికి వైర్లున్న టెంపరేచర్ స్విచ్ వేరే ఉంది. దాన్ని వేడినీళ్లలో ముంచి తీస్తూ వైర్ల మధ్య మీటరు పెట్టి చూశాను, ఎప్పుడు కలుస్తుందో ఎప్పుడు విడిపోతుందో అలాగే తెలుస్తుంది.

బొగ్గు డబ్బా, ఎయిర్ క్లీనర్ మూతిలోని వేడిగాలి రెక్క, పీసీవీ వాల్వ్, ఇవి మూడూ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. డబ్బా అడుగున ఫిల్టర్ మారిస్తే సరిపోయింది. గొట్టంలోకి బొగ్గు నలుసులు వస్తుంటే మాత్రం డబ్బానే మార్చాలి. పీసీవీ వాల్వ్‌ని ఊపితే లోపల టకటక చప్పుడు రావాలి.

గొట్టాలు కలిపేటప్పుడు బానెట్ కింది స్టిక్కర్ మీద కొంత చదవగలిగాను, మిగతాది సర్వీస్ మాన్యువల్ చూసి పూర్తిచేశాను. ఇక్కడ గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. కార్బరేటర్‌కి ఉన్న మూతులన్నీ ఒకటి కాదు. థ్రాటిల్ రెక్కకి పైన ఉన్న మూతిలో ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు, వాక్యూమ్ ఉండదు, కింద ఉన్నదాంట్లో ఐడిల్‌లో కూడా ఉంటుంది. ఈజీఆర్‌ని కిందిదానికి తగిలిస్తే ఐడిల్‌లోనే తెరుచుకుని ఇంజిన్ ఆగిపోతుంది. అందుకే స్టార్ట్ చేశాక ముందు ప్రతి మూతి మీదా వేలు పెట్టి చూసి, కాగితం మీద బొమ్మ గీసుకుని, అప్పుడే గొట్టాలు తగిలించాను. అన్నీ కలిపాక ఐడిల్ కుదురుగా నిలబడింది, ఎత్తు ఎక్కేటప్పుడు సిలిండర్లలో టకటకమని వచ్చే నాకింగ్ కూడా పోయింది. ఈజీఆర్ మూసి ఉండగా నాకింగ్ రావడం సహజమే, ఆ స్పార్కు టైమింగ్ ఈజీఆర్‌ని దృష్టిలో పెట్టుకుని పెట్టిందే కదా.

పెట్టెలో చివరికి మిగిలింది ఒక రంగుల ప్లాస్టిక్ డిలే వాల్వ్, వాక్యూమ్‌ని కాస్త ఆలస్యంగా పంపేది. దాని నెంబరు డీ5తో మొదలైంది. అది ఫోర్డ్ పద్ధతి, డీ అంటే డెబ్బైలు, 5 అంటే 1975కి డిజైన్ చేసినదని. నా ఇంజిన్‌కీ దానికీ సంబంధం లేదు. పెట్టెలోంచి పక్కన పెట్టేసింది అదొక్కటే.