కిరాణా కొట్టు కింది అర

ఇప్పుడున్న ఇంటి ఓనర్ కొడుక్కి పెళ్లి కుదిరిందట, నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్నారు. అందుకని ఈ ఆదివారం అమ్మను బండి మీద ఎక్కించుకుని హన్మకొండ గల్లీలన్నీ తిరిగాను. టు-లెట్ బోర్డులు చాలానే ఉన్నాయి. చూసినవి మూడే.

మొదటిది నక్కలగుట్టలో, మూడో అంతస్తు. గాలీ వెలుతురూ బాగున్నాయి గానీ బాల్కనీకి జాలీ లేదు. అమ్మ గుమ్మం దాటలేదు. "కోతులకు కట్టిన్రా ఇది?" అంది, అంతే. రెండోది సుబేదారిలో. మూడు పోర్షన్లకు ఒకటే కరెంటు మీటరు. అందరివీ కలిసి 200 యూనిట్లు దాటితే గృహజ్యోతి ఉచిత కరెంటు ఎవరికీ రాదు, పైగా స్లాబు మారి బిల్లు పెరుగుతుంది. వద్దనుకున్నాం.

మూడోది నయీంనగర్ వైపు, నాలాకు దగ్గరే, గ్రౌండ్ ఫ్లోర్. రెండు బెడ్‌రూములు, కొత్త రంగు, కిరాయి తక్కువ. వంటింట్లో, బాత్రూంలో నల్లాలు ఒకేసారి తిప్పాను, ధార తగ్గలేదు. సంపు మూత తీసి చూశాను, బాగానే ఉంది. నాకు దాదాపు నచ్చేసింది.

బెడ్‌రూం తలుపు వేయబోతే పడలేదు. వంగి చూస్తే చెక్క కింద జానెడు మేర నల్లబడి, ఉబ్బి, పొరలు లేచింది. అల్మారా కింది అరలో మూలకు వేలు పెట్టి గీశాను. బూడిద రంగు ఒండ్రు, ఎండి పెళుసుగా ఉంది, గోట్లో ఇరుక్కుంది. ప్లగ్గులన్నీ నా ఛాతీ ఎత్తున ఉన్నాయి. కింద పాతవి ఉన్నచోట సిమెంటు పూసి రంగు కొట్టారు.

"చెమ్మ ఏం లేదు సార్, మొన్ననే రంగులేయించినం. నాలా కూడా వెడల్పు చేసిన్రు, బ్రిడ్జి కొత్తది కట్టిన్రు" అన్నాడు ఓనర్. బ్రిడ్జి మాట నిజమే. 11 నెలల అగ్రిమెంటు, రెండు నెలల అడ్వాన్సు గడగడా చెప్పాడు. మా కులమేదో అమ్మను చుట్టు తిప్పి అడిగాడు. నీళ్లెప్పుడొచ్చాయని నేనడిగితే జవాబూ అలాగే చుట్టు తిప్పాడు.

ఎదురుగా కిరాణా కొట్టు ఉంది. అమ్మ పావుకిలో చక్కెర కొంటూ మాట కలిపింది.

"రెండుసార్లు మునిగిందమ్మా. ఆ ఇంట్లున్నోళ్ల ఫ్రిజ్జు తేలింది" అంది కొట్టామె. 2020 ఆగస్టు, 2023 జులై వానలవి. అప్పటిదాకా చూడలేదు గానీ, ఆమె కొట్లో కింది అర మొత్తం ఖాళీ. ఖాళీ సోడా సీసాల డబ్బా తప్ప ఇప్పటికీ అక్కడ ఏమీ పెట్టదట.

బండెక్కాక అమ్మ ఒళ్లో చక్కెర పొట్లం సర్దుకుంది. ఇంట్లో డబ్బా నిండా చక్కెర ఉంది.

రేపు సాయంత్రం వడ్డేపల్లి వైపు ఇంకోటి చూడాలి, మొదటి అంతస్తట. దాని ముందు కిరాణా కొట్టుందా అని అమ్మ అప్పుడే అడిగింది.