స్టీక్ కాల్చడం పిల్లలకు నేర్పుతుంటే

“లోపల గులాబీగా ఉంటేనే తింటాను, లేకపోతే నాకొద్దమ్మా.” తొమ్మిదో తరగతికొచ్చిన మా పెద్దది స్టీక్ (మందంగా కోసి నిప్పుమీద కాల్చే బీఫ్ ముక్క) విషయంలో పెట్టిన షరతు ఇది. పెద్దకూర వండుకునే ఇళ్లలో పుట్టి పెరిగినవాళ్లకి ఈ మాట ఓ పట్టాన మింగుడుపడదు. మాంసమంటే వేలితో నొక్కితే విడిపోయేదాకా ఉడకాలి, ఉడకనిది ఒంటికి పడదు అన్నది మనకు ఉగ్గుపాలతో వచ్చిన నమ్మకం. పిల్ల అడిగినట్టు చేసిపెడితే మన పెద్దవాళ్ల వంటని కాదన్నట్టుంటుంది. చేయకపోతే పిల్ల స్నేహితుల ఇళ్లలో తినొచ్చి, మన ఇంట్లో తినడం మానేస్తుంది. అందుకని ముందు ఆ నమ్మకం ఎక్కణ్ణించి వచ్చిందో చూడాలి. అందులో తప్పేమీ లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 1977లో వచ్చిన చట్టం ఆవుని కోయడాన్ని పూర్తిగా నిషేధించింది. తెలంగాణలోనూ అదే నడుస్తోంది. ఎద్దు, దున్న, గేదె విషయంలో కూడా పాడికీ పొలం పనికీ ఈనడానికీ ఇక అక్కరకు రావని అధికారి ధ్రువీకరిస్తేనే అనుమతి. అంటే మన బజార్లో దొరికే పెద్దకూర చాలావరకు వయసు మళ్లిన గేదెది. వయసు పెరిగేకొద్దీ కండలోని కొల్లాజెన్, అంటే కండని పట్టి ఉంచే పీచులాంటి ప్రోటీన్, గట్టిపడుతుంది. అది కరగాలంటే 70 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో గంటల తరబడి ఉడకాలి. కరిగాక జిలాటిన్‌గా మారి పులుసుకి ఆ చిక్కదనాన్ని ఇస్తుంది. మన పెద్దవాళ్లు చేసింది ఆ మాంసానికి సరిపోయిన వంట.

ఇక్కడ అమెరికాలో స్టీక్ కోసం పెంచే పశువుకి సాధారణంగా రెండేళ్లు అటూ ఇటూ ఉంటాయి. అందులోనూ టెండర్‌లాయిన్ అనేది నడుము దగ్గర వెన్నెముక కింద, లోపలివైపు ఉండే కండ. బరువు మోయదు, పెద్దగా పని చేయదు, కాబట్టి కొల్లాజెన్ చాలా తక్కువ. కరగడానికి ఏమీ లేని ముక్కని ఎక్కువసేపు వేడిమీద ఉంచితే పోయేది నీరే. కొవ్వు కూడా తక్కువ కాబట్టి రిబ్‌ఐ (పక్కటెముకల దగ్గరి కొవ్వున్న ముక్క) కంటే తొందరగా ఎండిపోతుంది. పిల్లకి ఈ రెండు మాంసాల తేడా చెప్పాలి. “మనవాళ్లకి తెలియదు, అమెరికా వాళ్లకి తెలుసు” అన్న భావం మాత్రం దాని బుర్రలోకి ఎక్కనివ్వకూడదు. ఈ విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను.

కొనేటప్పుడు చూడాల్సింది మందం. అంగుళంన్నర, అంటే దాదాపు 4 సెంటీమీటర్లు ఉండాలి. ముప్పావు అంగుళం ముక్క పైన రంగు తిరిగేలోగా లోపలంతా బూడిదరంగుకి వచ్చేస్తుంది, దాన్ని ఎవరూ కాపాడలేరు. టెండర్‌లాయిన్ మొత్తంగా కొంటే పౌండుకి ధర తగ్గుతుంది గానీ ఇంట్లో శుభ్రం చేసుకోవాలి. కండమీద వెండిలా మెరిసే గట్టి పొర ఉంటుంది. అది ఎంత వేడికీ కరగదు, పైగా ముడుచుకుపోయి ముక్కని గిన్నెలా వంచేస్తుంది. సన్నటి కత్తి మొనని పొర కిందకి దూర్చి, పదునుని కొంచెం పైకి తిప్పి, పొరని రెండో చేత్తో బిగించి పట్టుకుని లాగుతూ కోస్తే మాంసం వృథా కాదు. తోకవైపు సన్నబడే భాగాన్ని మడిచి దారంతో కట్టుకుంటే అదీ ఒక గుండ్రటి ముక్క అవుతుంది. కండలో కొవ్వు ఎక్కువుండే ప్రైమ్ గ్రేడు కోసం ఎక్కువ పెట్టక్కర్లేదు, దాని కింది గ్రేడు ఛాయిస్ చాలు. ఈ ముక్క మెత్తదనం కొవ్వువల్ల వచ్చేది కాదు.

ప్యాకెట్ మీద ‘బ్లేడ్ టెండరైజ్డ్’ లేదా ‘మెకానికల్లీ టెండరైజ్డ్’ అని ఉందేమో తప్పకుండా చూడండి. మెత్తబడటానికి బ్లేడులతోనో సూదులతోనో గుచ్చిన మాంసమని దాని అర్థం, 2016 నుంచి ఆ మాట రాయడం తప్పనిసరి చేశారు. చెక్కుచెదరని కండలో సూక్ష్మజీవులు పైభాగంలోనే ఉంటాయి, నిప్పుమీద పడగానే చస్తాయి. సూదులతో గుచ్చిన మాంసంలో అవి లోపలికి వెళ్తాయి. అలాంటిదాన్ని గులాబీగా వదలకూడదు. ఖీమా సంగతీ ఇంతే. పైది లోపలికీ లోపలిది పైకీ కలిసిపోతుంది కాబట్టి బర్గర్ 160 డిగ్రీల ఫారెన్‌హీట్ (71 సెల్సియస్) దాటాల్సిందే. స్టీక్ గులాబీగా పెట్టి, బర్గర్ గులాబీగా ఉంటే వద్దంటే పిల్లలకి అది రెండు నాల్కల ధోరణిలా కనిపిస్తుంది. కారణం చెబితే వాళ్లే స్నేహితుల ఇంట్లో బర్గర్ విప్పి చూసుకుంటారు.

ఉప్పు ముందురోజు రాత్రే పట్టించడం మంచిది. ఎనిమిది ఔన్సుల ముక్కకి (సుమారు 225 గ్రాములు) 2 గ్రాములు, అంటే మెత్తటి ఉప్పయితే మూడో వంతు టీస్పూను. పలుకు పెద్దదైన కోషర్ ఉప్పు చెంచాలో తక్కువ బరువు తూగుతుంది కాబట్టి తూచుకోవడమే నయం. అన్ని వైపులా చల్లి, జాలీమీద పెట్టి, మూత లేకుండా ఫ్రిజ్‌లో ఉంచాలి. ఉప్పు మొదట నీటిని బయటికి లాగుతుంది, తర్వాత ఆ ఉప్పునీరు మళ్లీ లోపలికి ఇంకుతుంది, పైభాగం ఆరుతుంది. అంత వ్యవధి లేకపోతే కనీసం 45 నిమిషాలైనా ఆగాలి, లేదా నిప్పుమీద వేసే క్షణంలో చల్లాలి. ఈ రెంటికీ మధ్య, పది ఇరవై నిమిషాలప్పుడు వేస్తే పైనంతా తడిగా ఉంటుంది. ఆ తడి ఆవిరయ్యేదాకా ఉపరితలం వంద డిగ్రీల సెల్సియస్ దాటదు. గోధుమరంగు పొర కట్టడానికి అంతకంటే బాగా ఎక్కువ కావాలి. ఆఖర్న కాగితం తువాలుతో గట్టిగా అద్దడం ఇందుకే.

మన చెయ్యి ఊరుకోదు, అల్లం వెల్లుల్లి ముద్ద, పెరుగు, కారం పట్టించాలనిపిస్తుంది. టెండర్‌లాయిన్‌కి అవి వద్దు. తడి ముద్ద పొరని కట్టనివ్వదు, వెల్లుల్లి ఆ మంటకి మాడి చేదెక్కుతుంది. మన రుచిని పళ్లెంలో ఓ పక్కన వడ్డించండి. గోంగూర పచ్చడి ఈ మాంసానికి చక్కగా నప్పుతుంది, వెన్న రాసిన ముక్కకి ఆ పులుపు కావాలి. పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసం కలిపి దంచినా బాగుంటుంది. మిరియాలు కాల్చాక పొడి కొట్టి చల్లుకోవాలి.

గ్యాస్ గ్రిల్ అయితే మూత తెరిచే వెలిగించాలి. మూసి ఉండగా గ్యాస్ వదిలితే లోపల పేరుకుని ఒక్కసారిగా అంటుకుంటుంది. పిల్ల వెలిగిస్తుంటే జుట్టు ముడి వేసుకోమనాలి, చున్నీ తీసి లోపల పెట్టమనాలి. వెలిగాక మూత వేసి 15 నిమిషాలు కాగనివ్వాలి. ఊచల్ని తీగబ్రష్‌తో తోమితే తీగముక్క ఊడి తిండిలోకి, అక్కణ్ణించి గొంతులోకి వెళ్లే ప్రమాదముంది. చెక్క గీకుడుబద్ద వాడండి. తర్వాత ఒక వైపు బర్నర్లు పూర్తిగా పెంచి, రెండో వైపువి ఆపేయాలి. బొగ్గులయితే అన్నిటినీ ఒక పక్కకి తోయాలి.

ముక్కని మొదట మంట లేని వైపు పెట్టి మూత వేయాలి. లోపల వేడి 225 నుంచి 250 ఫారెన్‌హీట్ మధ్య నిలబెట్టుకోవాలి. సుమారు 20 నుంచి 25 నిమిషాల్లో ముక్క మధ్యభాగం 115కి వస్తుంది. అప్పుడు తీసి, పైన నూనె చాలా పల్చగా రాసి (అవకాడో నూనెగానీ కనోలాగానీ, వెన్న ఇప్పుడే వద్దు, మాడుతుంది) ఎర్రగా కాగిన వైపుకి మార్చాలి. ఒక్కో పక్క నిమిషం నుంచి నిమిషంన్నర, అంచుల్ని పట్టకారుతో నిలబెట్టి కాసేపు. మంట ఎగిస్తే నీళ్లు చల్లకండి, బూడిద లేచి మాంసానికి అంటుతుంది, కాగిన నూనె చిందుతుంది. ముక్కని చల్లటి వైపుకి జరపండి, చాలు. మొదట మంటమీద వేసి తర్వాత పక్కకి జరపడం చాలామంది పద్ధతి. అలా చేస్తే అంచునుంచి అరంగుళం బూడిదరంగు, మధ్యలో మాత్రమే గులాబీ. ముందు నెమ్మదిగా వేడెక్కిస్తే అంచునుంచి అంచుదాకా ఒకే రంగు వస్తుంది.

థర్మామీటర్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. వేలితో నొక్కి చూడటం రెస్టారెంట్‌లో రోజూ వందల ముక్కలు కాల్చేవాళ్లకి. మంచునీళ్లలో పెడితే 32 ఫారెన్‌హీట్ చూపించాలి, లేకపోతే ఆ పరికరం నమ్మదగినది కాదు. ముల్లుని పైనుంచి కాకుండా పక్కనుంచి, ముక్క మందానికి సరిగ్గా సగంలోకి గుచ్చాలి. 130 నుంచి 135 దాకా (54 నుంచి 57 సెల్సియస్) మా పెద్దది అడిగే మీడియం రేర్. 140 నుంచి 145 మీడియం. దించాక కూడా వేడి లోపలికి పాకుతూనే ఉంటుంది, కాబట్టి కావాల్సినదానికి అయిదు డిగ్రీల ముందే తీసేయాలి. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పేది మాత్రం 145 డిగ్రీలు (63 సెల్సియస్), ఆపైన మూడు నిమిషాల విశ్రాంతి. చిన్నపిల్లలకి, గర్భిణులకి, పెద్దవయసు వాళ్లకి ఈ లెక్కే పాటించాలి. అక్కకి 130, చెల్లికి 145 అంటే ఇంట్లో గొడవే. అయినా చెల్లిది గ్రిల్ మీద ఉండగానే 145 దాటాల్సిందే.

ఊరినుంచి అమ్మానాన్నలొస్తే పూర్తిగా కాలినదే కావాలంటారు. వాళ్లకి చెప్పులాంటి ముక్క పెట్టనక్కర్లేదు. ముక్కని నడిమికి పుస్తకంలా విప్పి, మిగతావాటికంటే పది నిమిషాల ముందు చల్లటి వైపు పెట్టి, 160 రాగానే దించి, వేడిమీదే వెన్న రాసి, అడ్డంగా సన్నగా కోసి, పచ్చడితో పెడితే ఇష్టంగా తింటారు. ఒకే గ్రిల్ మీద మూడు తరాలకి మూడు రకాలు కుదురుతాయి.

దించాక అయిదు నుంచి పది నిమిషాలు కదపకుండా వదలాలి. పచ్చిమాంసం పెట్టిన పళ్లెంలో మళ్లీ పెట్టకూడదు. కోస్తే వచ్చే ఎర్రటి నీరు చూసి పెద్దవాళ్లు రక్తమంటారు. రక్తం పశువుని కోసినప్పుడే పోతుంది. ఇది కండలో ఉండే మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రోటీన్ కలిసిన నీరు.

ఇంతవరకూ నాకు సందేహం లేదు. తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్ విందుల గురించి పిల్ల అడిగిన ఇంకో ప్రశ్న దగ్గరే తడబడతాను. “తెలుగువాళ్ల పాట్‌లక్‌కి ఎప్పుడూ చికెనే ఎందుకు? ఇది బాగా చేస్తాం కదా?” బీఫ్ తిననివాళ్లు మన ఇంటికొస్తే చేయాల్సింది స్పష్టంగానే ఉంది. వాళ్లది ముందు కాల్చాలి, వేరే పట్టకారు, వేరే పళ్లెం, ఊచలు కడిగి ఉండాలి, వీలైతే వేరే చిన్న గ్రిల్. ఆ గ్రిల్ మీద ఇంతకుముందు ఏం కాల్చామో వాళ్లకి ముందే చెప్పాలి. రేకు పరిచి ఊరుకోవడం వాళ్ల నమ్మకానికి మర్యాద ఇచ్చినట్టు కాదు. ఇదంతా పిల్లకి నేర్పాను, అదీ శ్రద్ధగా చేస్తుంది.

కానీ తెలుగువాళ్ల మధ్య “మీరేం తింటారు” అన్న ప్రశ్న చాలాసార్లు కూర గురించి కాదు, కులం గురించి. అది తెలిసే నేను చికెన్ పట్టుకెళ్తాను. ఇంట్లో పెద్దకూరనీ, ఎండబెట్టిన తునకలు చింతకాయతో వండటాన్నీ మన సొత్తుగా నేర్పుతూ, కారెక్కేముందు ఆ సంగతి ఎత్తొద్దన్నట్టు ప్రవర్తిస్తే పిల్ల దేన్ని నమ్మాలి? చిత్రం ఏమిటంటే, స్కూల్లో అమెరికన్ స్నేహితుల ముందు అది స్టీక్ గురించి ఏ బెరుకూ లేకుండా మాట్లాడుతుంది. బెరుకంతా మనవాళ్ల దగ్గరే, అదీ నేను అంటించిందే. ఎవరైనా అడిగితే అబద్ధం చెప్పకు, అడగనిదే నువ్వుగా చెప్పకు అని చెప్పి పెట్టాను. ఆ రెండో సగం దాన్ని కాపాడటానికా, నన్ను నేను కాపాడుకోవడానికా అన్నది నాకింకా తేలలేదు. వచ్చే పాట్‌లక్‌కి ఏం చేయాలో దాన్నే అడుగుదామనుకుంటున్నాను. కాల్చి తీసుకెళ్దామంటే, పళ్లెం మీద పేరు రాసి, వేరే బల్లమీద పెట్టమంటాను.