పోర్టింగ్ అంటే రంధ్రం పెద్దది చేయడం కాదు: మానిఫోల్డ్, థ్రాటిల్ బాడీ ఇంట్లోనే చేసుకునేవాళ్లకు

పెడల్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు థ్రాటిల్ బాడీ, ఆ గాలిని సిలిండర్లకు పంచేది మానిఫోల్డ్. ఆ దారిలోని అడ్డంకులు తీసి సరిచేయడమే పోర్టింగ్. ముందుగా, ఏ బండికి ఈ పని పనికొస్తుందో తేల్చుకుందాం. మారుతి ఎస్టీమ్, జిప్సీల్లో వచ్చిన 1298 సీసీ, 16 వాల్వుల జీ13బీబీ లాంటి ఇంజిన్లకు అల్యూమినియం పోత మానిఫోల్డ్ ఉంటుంది. ఈ పోస్టు అలాంటి వాటి గురించే. ఇప్పటి కార్లలో చాలావాటికి నల్లటి నైలాన్ మానిఫోల్డ్ వస్తోంది. దాని లోపలి గోడ ముందే నున్నగా ఉంటుంది. పైగా అది పల్చటి డొప్పలను అతికించి చేసినది. అందులో బర్ర్ (గ్రైండర్‌కు బిగించే కోత పళ్ల ముక్క) పెడితే వచ్చేది ఏమీ ఉండదు, పోయేది మానిఫోల్డే.

గ్రైండర్ ముట్టుకునే ముందు ఒక చిన్న లెక్క. జీ13బీబీ బోరు 74 మి.మీ., స్ట్రోకు 75.5 మి.మీ., అంటే ఒక్కో సిలిండరు దాదాపు 325 సీసీ. అందులో 85 శాతం నిండుతుందనుకుంటే ఒక్కో పీల్పుకు 276 సీసీ గాలి. 6000 ఆర్‌పీఎం దగ్గర ఒక స్ట్రోకుకు పట్టే సమయం 5 మిల్లీసెకన్లు. రన్నర్ (మానిఫోల్డ్‌లో ఒక్కో సిలిండరుకు వెళ్లే గొట్టం) లోపలి వ్యాసం 32 మి.మీ. అనుకుంటే (మీది కొలుచుకోండి) ఆ గొట్టంలో గాలి సగటున సెకనుకు 69 మీటర్ల వేగంతో వెళ్తుంది. 2000 ఆర్‌పీఎం దగ్గర అదే 23 మీటర్లకు పడిపోతుంది. ఇప్పుడు రన్నర్‌ను 36 మి.మీ.కి తెరిచారనుకోండి. వైశాల్యం 27 శాతం దాకా పెరిగి, 2000 దగ్గర వేగం 18 మీటర్లకు దిగుతుంది. సిటీలో, ఘాట్ రోడ్డు మీద మనం నడిపేది ఆ 2000 దగ్గరే. వేగంగా వచ్చే గాలికి ఊపు ఉంటుంది. పిస్టన్ అడుగుకు చేరాక కూడా కాసేపు లోపలికి నెట్టుకుంటూ వచ్చి సిలిండరును నింపేది ఆ ఊపే. రన్నర్‌ను ఉత్తపుణ్యానికి వెడల్పు చేస్తే అది పోతుంది, పికప్ చస్తుంది. కాబట్టి రన్నర్ మధ్యభాగం వ్యాసాన్ని ముట్టుకోకండి.

మరి ముట్టుకోవాల్సింది ఏమిటి? పోతలో మిగిలిన గీతలు, ముద్దలు. హెడ్డు (వాల్వులు ఉండే ఇంజిన్ పైభాగం), మానిఫోల్డ్ కలిసే చోట మెట్టు. లోపలికి పొడుచుకొచ్చిన గాస్కెట్ అంచు. థ్రాటిల్ బాడీ, ప్లీనం (రన్నర్లన్నీ మొదలయ్యే గాలి డబ్బా) కలిసే చోట మెట్టు. వీటన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేది, జనం తక్కువగా చూసేది, ప్లీనంలో రన్నర్ మొదలయ్యే అంచు. పదునైన అంచు దాటి గొట్టంలోకి దూరే గాలికి నష్ట గుణకం (ఎంత ఒత్తిడి పోతుందో చెప్పే అంకె) 0.5 ఉంటుంది. అదే అంచును గుండ్రంగా చేస్తే 0.04 దగ్గరికి పడిపోతుంది. దీనికి పెద్ద గుండ్రమేమీ అక్కర్లేదు, వ్యాసంలో 15 శాతం చాలు. 32 మి.మీ. గొట్టానికి 5 మి.మీ. వ్యాసార్థం. సన్నాయి చివర లాగా తెరుచుకోవాలి. ప్లీనం మూత బోల్టులతో విడిపోయే రకమైతే పని సులువు. విడిపోకపోతే థ్రాటిల్ బాడీ కూర్చునే నోట్లోంచి పొడుగు కాడ బర్ర్‌తో అందినంత వరకే చేయాలి.

పనిముట్లలో డబ్బు పెట్టాల్సింది బర్ర్ మీద. ఇనుముకు వాడే క్రాస్ కట్ బర్ర్ అల్యూమినియంలో నిమిషంలో పూడుకుపోతుంది. పళ్లు వెడల్పుగా ఉండే అల్యూమినియం కట్ కార్బైడ్ బర్ర్ అడగండి. సికింద్రాబాద్ రాణిగంజ్ వైపు పనిముట్ల దుకాణాల్లో వెతకొచ్చు. 6 మి.మీ. కాడతో కోడిగుడ్డు ఆకారం ఒకటి, మొన తేలిన చెట్టు ఆకారం ఒకటి ఉంటే చాలు. మధ్యమధ్య బర్ర్‌ను కొవ్వొత్తికి రాయండి, లేదా కిరసనాయిలు చుక్క వేయండి. లోహం పళ్లకు అంటుకోదు. 150 మి.మీ. కాడ ఉన్న బర్ర్‌ను 25,000 ఆర్‌పీఎం గ్రైండర్‌లో బిగించి గాల్లో తిప్పారంటే కాడ వంగి కొరడాలా కొడుతుంది. స్పీడ్ కంట్రోల్ ఉన్న గ్రైండర్ తీసుకుని 10,000 లోపు ఉంచండి. లోహానికి ఆనించాకే స్విచ్ నొక్కండి. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. అల్యూమినియం పొడి మండుతుంది, కాబట్టి అదే బల్ల మీద ఇనుము గ్రైండింగ్ చేసి నిప్పురవ్వలు రాల్చకండి.

ఇక గాస్కెట్ మ్యాచింగ్. మన మెకానిక్కులు ప్యాకింగ్ అనేది గాస్కెట్‌నే. కొత్త ప్యాకింగ్ తెచ్చి, మానిఫోల్డ్ మీద పెట్టి, గీత గీసి, గీత దాకా తెరిచేయమని అందరూ చెబుతారు. సగం మానిఫోల్డ్‌లు పాడయ్యేది ఇక్కడే. ప్యాకింగ్ రంధ్రం సాధారణంగా హెడ్డు పోర్టు (హెడ్డులో గాలి వెళ్లే రంధ్రం) కంటే పెద్దదిగా ఉంటుంది. హెడ్డును విప్పకుండా మానిఫోల్డ్‌ను మాత్రం ప్యాకింగ్ కొలతకు తెరిస్తే, వస్తున్న గాలికి ఎదురుగా హెడ్డు అంచు గోడలా నిలబడుతుంది. ఫ్యాక్టరీ నుంచి లేని మెట్టును మనమే కట్టినట్టవుతుంది. గాలి పోయే దిశలో చిన్నదాన్నించి పెద్దదానిలోకి దిగే మెట్టు పెద్దగా బాధించదు. పెద్దదాన్నించి చిన్నదానిలోకి వెళ్లే మెట్టుతోనే ఇబ్బంది. అందుకే మానిఫోల్డ్ నోరు హెడ్డు పోర్టు కంటే చుట్టూ అర మిల్లీమీటరు చిన్నగా ఉండటమే క్షేమం.

హెడ్డు బండి మీదే ఉన్నప్పుడు కొలత ఇలా తీయాలి. పోర్టుల్లో శుభ్రమైన గుడ్డ కుక్కి, దళసరి కాగితాన్ని స్టడ్ల (హెడ్డులోంచి పొడుచుకొచ్చే మరల కడ్డీలు) మీదుగా ఫ్లాంజికి, అంటే రెండూ ఆనే చదును ముఖానికి, ఆనించి, నూనె పూసిన వేలితో అంచుల వెంట రుద్దండి. పోర్టు ఆకారం, స్టడ్ రంధ్రాలు రెండూ కాగితం మీద పడతాయి. బ్లేడుతో కోస్తే అదే టెంప్లేటు. దాన్ని మానిఫోల్డ్ ఫ్లాంజి మీదికి తిప్పి వేయాలి. కాగితం హెడ్డుకు ఆనిన ముఖం మానిఫోల్డ్‌కు పైవైపుగా రావాలి, లేకపోతే ఎడమ కుడి తారుమారవుతాయి. ఇంకో చిక్కు ఉంది. 8 మి.మీ. స్టడ్‌కు ఫ్లాంజిలో రంధ్రం అంతకంటే కాస్త పెద్దదిగా ఉంటుంది కాబట్టి మానిఫోల్డ్ బిగించిన ప్రతిసారీ కొద్దిగా పక్కకు జరగొచ్చు. చివరల ఉన్న రెండు స్టడ్లకు ఇన్సులేషన్ టేపు చుట్టి ఆ ఆటను తీసేయండి. తర్వాత బిగించేటప్పుడూ ఆ టేపు అలాగే ఉండాలి, లేకపోతే చేసిన మ్యాచింగ్‌కు అర్థం లేదు. ఫ్లాంజికి మార్కింగ్ బ్లూ పూసి, సూదితో గీత గీయండి. మార్కర్ గీత కిరసనాయిలు తగలగానే పోతుంది.

కోత గీత దగ్గర మొదలుపెట్టి, 25 నుంచి 30 మి.మీ. లోపలికి క్రమంగా సన్నబడుతూ రన్నర్ గోడలో కలిసిపోవాలి. కొత్తవాళ్లు నోటి దగ్గర 5 మి.మీ. లోతులో గిన్నెలా తవ్వి వదిలేస్తారు. గాలి అక్కడ నెమ్మదించి మళ్లీ ఇరుకులో పడుతుంది. వేలు పెట్టి చూస్తే ఈ గిన్నె కంటికంటే ముందు తెలుస్తుంది. ఒంపు ఉన్న చోట లోపలి వంపును, అంటే పొట్టి వైపును కొయ్యకండి. గాలి గోడను వదిలేసేది అక్కడే, ఆ వంపు ఎంత నిదానంగా తిరిగితే అంత మంచిది. తీయాల్సింది ఉంటే బయటి వైపు తీయండి. ఇంజెక్టర్ కూర్చునే గుంత అంచును, దాని ఓ-రింగ్ ఆనే చోటును వదిలేయండి.

గోడ మందం ప్రతి పది నిమిషాలకోసారి బయటి కాలిపర్‌తో చూడండి. 3 మి.మీ. కంటే పల్చన చేయొద్దు. బోల్టు దిమ్మెల పక్కన, కూలెంట్ దారి పక్కన మరీ జాగ్రత్త. కూలెంట్ దారిలోకి బొక్క పడితే నీళ్లు సిలిండరులోకే పోతాయి. బొక్క పడితే విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల టిగ్ వెల్డింగ్ చేయించుకోవచ్చు. కానీ ఏళ్ల తరబడి నూనె పీల్చిన పోత అల్యూమినియంలో వెల్డింగ్ బుడగలు పోతుంది. ఫ్లాంజి వేడికి వంకర తిరిగితే మళ్లీ మిల్లింగ్. ఆ ఖర్చుతో పాత మానిఫోల్డ్ ఇంకోటి కొనొచ్చు.

నాలుగు రన్నర్లు సమంగా ఉన్నాయో లేదో కంటికి తెలీదు. ఫ్లాంజికి గ్రీజు రాసి గాజు పలక అతికించి, ఒక్కో రన్నర్‌లో రంగు నీళ్లు ఒకే గీత దాకా పోసి కొలజాడీతో కొలవండి. 32 మి.మీ. వ్యాసం, 300 మి.మీ. పొడవున్న గొట్టంలో 241 మిల్లీలీటర్లు పడతాయి. నాలుగింటి మధ్య తేడా 2 మిల్లీలీటర్లకు మించకపోతే ఒక శాతం లోపు ఉన్నట్టే.

నునుపు సంగతి. 60 గ్రిట్ ఎమరీ రోల్‌తో బర్ర్ గీతలు తీసి, 80తో ఆపేయండి. అద్దంలా పాలిష్ చేయడం ఫొటోలకు పనికొస్తుంది, గాలికి పట్టదు. ఇంజెక్టర్ వాల్వు దగ్గరే ఉంటుంది కాబట్టి దానికి ముందున్న రన్నర్‌లో పెట్రోలే ఉండదు. ఇంజెక్టర్ తర్వాతి భాగంలో, కార్బురేటర్ బండ్లలోనైతే మానిఫోల్డ్ మొత్తంలో, కాస్త గరుకుగా ఉంటేనే పెట్రోలు గోడకు పొరలా అంటుకోకుండా ఉంటుంది.

థ్రాటిల్ బాడీ దగ్గర ఇంకో లెక్క. 46 మి.మీ. బోరు వైశాల్యం 1662 చదరపు మి.మీ. దానికి అడ్డంగా 8 మి.మీ. షాఫ్టు ఉంటే, పెడల్ పూర్తిగా తొక్కినా 368 చదరపు మి.మీ., అంటే 22 శాతం, అడ్డంగానే ఉంటుంది. బోరును 48కి పెంచితే వచ్చేది 9 శాతమే. బోరు పెంచాలంటే లేత్ పని, కొత్త ప్లేటు. మూసుకున్నప్పుడు ప్లేటు కొన్ని డిగ్రీల ఏటవాలులో ఆగుతుంది కాబట్టి అది నిజానికి గుండ్రం కాదు, కోలగా ఉంటుంది. ఆ కోల తప్పితే ఐడిల్ ఎప్పటికీ దిగదు. పెద్ద థ్రాటిల్ బాడీ వేశాక బండి పరుగెడుతోందనిపించేది చాలావరకు పెడల్ కొంచెం తొక్కగానే ఎక్కువ తెరుచుకోవడం వల్లే.

కేబుల్‌తో నడిచే థ్రాటిల్ బాడీలో ఇంట్లో చేయదగ్గది షాఫ్టును పల్చన చేయడం. ప్లేటును ఏ వైపు ఎలా ఉందో సూదితో గుర్తు పెట్టుకుని విప్పండి. స్క్రూల చివరలు ఊడకుండా ఫ్యాక్టరీలో కొట్టి వెడల్పు చేసి ఉంటాయి. వాటిని ఆకురాయితో రాసి గానీ విప్పకూడదు, లేకపోతే షాఫ్టులో మరలు చెడతాయి. ప్లేటుకు ఎదురు వైపున్న షాఫ్టు సగాన్ని, ప్లేటు కూర్చునే ముఖాన్ని ముట్టకుండా, రెండు అంచుల వైపు ఏటవాలుగా రాయండి. స్క్రూ దిమ్మెల దగ్గర మందం ఉంచాలి. బేరింగుల్లో తిరిగే చివరలను ముట్టుకోకండి. తిరిగి బిగించేటప్పుడు కొత్త స్క్రూలు, లాక్‌టైట్, ఆపైన చివరలు మళ్లీ కొట్టడం. ఈ మూడిట్లో ఏది వదిలేసినా ఏదో ఒక రోజు ఆ స్క్రూ వాల్వు కిందికి చేరుతుంది. స్క్రూలు పూర్తిగా బిగించే ముందు థ్రాటిల్‌ను రెండు మూడు సార్లు టప్పున మూసి ప్లేటును మధ్యకు చేర్చుకోవాలి.

ప్లేటు ఆనే చోట బోరు గోడను ఎమరీతో తాకకండి. చాలా థ్రాటిల్ బాడీల్లో అక్కడ నల్లటి సీలింగ్ పూత ఉంటుంది. అది మసి కాదు. దాన్ని గీకేస్తే గాలి కారి ఐడిల్ 1200 దగ్గర నిలబడిపోతుంది. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ బాడీకి మెత్తటి గుడ్డతో తుడవడం తప్ప ఏమీ చేయొద్దు. ప్లేటును వేలితో నెట్టినా లోపలి పళ్లచక్రాలు దెబ్బతినొచ్చు.

కోత కంటే కడగడానికే ఎక్కువ సమయం పెట్టుకోండి. పని మొదలుపెట్టేముందే సెన్సర్లు, ఐడిల్ వాల్వు, నిపుల్స్ అన్నీ విప్పి ఉంచాలి. కిరసనాయిలుతో ఒకసారి, సబ్బు కలిపిన వేడినీళ్లతో సీసాబ్రష్ పెట్టి రెండుసార్లు, చివర కంప్రెసర్ గాలి. మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డ్‌లో గాలి పీడనాన్ని కొలిచేది) రంధ్రం, బ్రేక్ బూస్టర్ నిపుల్, ఐడిల్ గాలి దారి, పీసీవీ దారి (ఇంజిన్ లోపలి ఆవిర్లు మానిఫోల్డ్‌లోకి వచ్చేది) ఒక్కొక్కటీ విడిగా ఊదండి. ఆరాక తెల్లగుడ్డతో తుడిస్తే మెరిసే పొడి ఒక్క చుక్క కూడా కనబడకూడదు.

బిగించే ముందు ఫ్లాంజి మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజ్ దూర్చండి. 0.1 మి.మీ. ఆకు దూరితే దళసరి గాజు పలక మీద 220 ఎమరీ పరిచి ఎనిమిది అంకె ఆకారంలో రుద్ది చదును చేయాలి. నట్లు మధ్య నుంచి చివరలకు, రెండు మూడు విడతల్లో బిగించాలి. టార్క్ మీ బండి మాన్యువల్‌లో చూడండి, 8 మి.మీ. స్టడ్లకు సాధారణంగా 20 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. స్టార్ట్ చేశాక ఫ్లాంజి చుట్టూ సబ్బునీళ్లు చిలకరిస్తే లీకు ఉన్న చోట అవి లోపలికి పీల్చుకుపోతాయి, ఇంజిన్ శబ్దమూ మారుతుంది. వేడి ఇంజిన్ మీద పెట్రోలు చల్లి చూసే అలవాటు మానుకోండి.

చివరిది, ఇంధనం. గాలిని నేరుగా కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉంటే పెరిగిన గాలిని ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) చాలావరకు సర్దుకుంటుంది. మ్యాప్ సెన్సర్ మీద నడిచే బండిలో మామూలు నడకలో ఆక్సిజన్ సెన్సర్ సర్దుతుంది గానీ, ఫుల్ థ్రాటిల్‌లో ఈసీయూ పాత పట్టికనే నమ్ముతుంది, మిశ్రమం పల్చబడుతుంది. వైడ్‌బ్యాండ్ మీటరు పెట్టి ఫుల్ లోడులో గాలి, పెట్రోలు నిష్పత్తి 12.5 నుంచి 13 మధ్య ఉందో లేదో చూసుకోండి. 13.5 దాటుతుంటే, లేదా మూడో గేరులో ఎత్తెక్కేటప్పుడు గింజలు రాలినట్టు నాకింగ్ వినిపిస్తే, అక్కడితో ఫుల్ థ్రాటిల్ ఆపేసి ట్యూనింగ్ చేయించాలి. 500 కిలోమీటర్లు తిరిగాక ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మానిఫోల్డ్ నట్లు ఇంకోసారి టార్క్ చూడండి. ప్యాకింగ్ అణిగి ఒకటో రెండో వదులయ్యే ఉంటాయి.