చీనీ కట్టెతో దాణా బిన్లు

ఆదివారం, అనంతపురం

పొద్దున్నుంచి లేతు (కట్టెను గిర్రున తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం) పనే. కోళ్ల ఫారం నమూనా కోసం 1:32 కొలతలో, అంటే అసలుదానిలో 32వ వంతుగా, దాణా బిన్లు చేయాలి. షెడ్డు పక్కన నాలుగు కాళ్ల మీద నిలబడి, కింద గరాటులా సన్నబడే జింకు రేకు బిన్లు అవి.

ముందు కట్టె సంగతి. అందరూ టేకు అడుగుతారు గానీ ఇంత చిన్న వస్తువుకు టేకు కలిసిరాదు. దాని వలయాల్లో ఒక పట్టీ మెత్తగా, ఒక పట్టీ గట్టిగా ఉంటుంది. సన్న గాడి పెట్టగానే మెత్తని చోట అంచు రాలిపోతుంది. వేప పోగు అటూ ఇటూ మెలితిరిగి ఉలికి లేచివస్తుంది. మన జిల్లాలో సులువుగా దొరికేవాటిలో చీనీ (బత్తాయి) కట్టెను మించింది లేదు. ముదిరిన తోటలు కొట్టేసినప్పుడు ఆ మొద్దులు పొయ్యిల పాలవుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. లేత పసుపు రంగు, దగ్గర పోగు, చేతికి బరువు. అర మిల్లీమీటరు గాడి పెట్టినా అంచు విరగదు.

దానికి ఉన్న జబ్బు ఒక్కటే, ఎండేటప్పుడు పగలడం. మన పొడి గాలికి కోసిన మొద్దు కొసలు చూస్తుండగానే నెర్రెలిస్తాయి. అందుకే కోసిన రోజే రెండు కొసలకూ కరిగించిన మైనం పూయాలి. 6 అంగుళాల మొద్దును నిలువునా రెండుగా చీల్చి, నట్టనడుమ ఉండే దవ్వను వదిలేసి 60 మి.మీ. చదరపు దిమ్మెలు తీయాలి. దవ్వ లోపల ఉండిపోతే ఎంత నీడలో ఆరబెట్టినా నెర్రె అక్కడే పుడుతుంది. దిమ్మెను అప్పుడప్పుడూ వంటింటి కాటా మీద తూచి, బరువు తగ్గడం ఆగాకే లేతు ఎక్కించాలి. పచ్చిది తిప్పితే గుండ్రంగా వచ్చిన బిన్ను ఆరేకొద్దీ కోలగా మారుతుంది. ఎర్రచందనం ముక్కలతో చేసిపెట్టమనేవాళ్లకు ఒకటే జవాబు: అనుమతి లేని ఆ కట్టె ముట్టేది లేదు, రంగు కింద దాగిపోయేదానికి ఆ కట్టె అక్కరా లేదు.

ఇక కొలతలు. అసలు బిన్ను 6 అడుగుల వ్యాసం అనుకుంటే నమూనాలో 57 మి.మీ. మధ్య డోలు 51, కింది గరాటు 38.5, పైకప్పు 17 మి.మీ. ఎత్తు. దాణా దిగే నోరు అసలుది 16 అంగుళాలైతే ఇక్కడ 12.7 మి.మీ. ఇలాంటి బిన్నులో రమారమి మూడున్నర టన్నుల దాణా పడుతుంది. గుడ్లు పెట్టే కోడి రోజుకు 110 గ్రాములు తింటుందనుకుంటే, 5,000 కోళ్లకు అది ఆరు రోజుల మేత. కాబట్టి నమూనాలో షెడ్డు ఎంత పెద్దదో చూసి బిన్ను కొలత తేల్చుకోవాలి. లక్ష కోళ్ల షెడ్డు పక్కన ఈ ఒక్క బిన్ను పెడితే ఫారం నడిపేవాళ్లు చూడగానే పట్టేస్తారు.

అన్నిటికంటే ముఖ్యం గరాటు వాలు. మెత్తగా ఆడించిన దాణా బియ్యంలా జారదు, ఒకదానికొకటి పట్టుకుని నోటి దగ్గర కమాను కట్టేస్తుంది. కింద ఖాళీ, పైన నిండుగా, షెడ్డులో కోళ్లు పస్తు. అందుకే గరాటు రేకు నేలతో 60 డిగ్రీల వాలులో ఉంటుంది. చాలామంది ఆ 60ని బిన్ను నడిమి గీత నుంచి కొలుస్తారు. అప్పుడు గరాటు ఎత్తు 38.5కి బదులు 13 మి.మీ. దగ్గర ఆగిపోతుంది. చూడ్డానికి అది దాణా బిన్నే కాదు, నీళ్ల ట్యాంకు. నడిమి గీత నుంచి కొలిస్తే రావలసింది 30 డిగ్రీలు. పాత ఎక్స్‌రే ఫిల్మును ఆ కోణానికి కత్తిరించి పెట్టుకుంటే ప్రతి బిన్నునూ దాంతో సరిచూడొచ్చు.

పని వరుస ఇలా. 150 మి.మీ. దిమ్మె. పైకప్పు వైపు చక్కులో (దిమ్మెను పట్టి తిప్పే పట్టు), నోటి వైపు టెయిల్‌స్టాక్‌కు (అవతలి కొసను మొనతో ఆపే భాగం). నోట్లో సెంటరు గుంట పడినా నష్టం లేదు, తర్వాత దాణా గొట్టం దూరేది అక్కడే. మొదట నిమిషానికి 1,000 తిప్పులకు మించకుండా గుండ్రం చేసి, తర్వాత 1,500కు పెంచి 57కు తేవాలి. డోలు మీద రేకు అలలు ముందే పెట్టేయాలి. గరాటు సన్నబడ్డాక పెడితే దిమ్మె వణికి గాళ్లు చెదురుతాయి.

అలలకు నేను వాడేది అరిగిపోయిన ఎం16 ట్యాప్, అంటే ఇనుములో నట్టు మరలు కోసే పనిముట్టు. దాని పళ్ల మధ్య దూరం సరిగ్గా 2 మి.మీ. అసలు రేకు అల 68 మి.మీ., దాన్ని 32తో భాగిస్తే 2.1. ఈ కాస్త తేడా కంటికి ఆనదు. ట్యాపును టూల్‌రెస్టు (ఉలి ఆనించే పట్టీ) మీద అడ్డంగా ఆనించి, ముందు వైపు సన్నటి పళ్లను వదిలేసి నడుమ పళ్ల వరుసను మెల్లగా తాకించాలి. మొదట బూడిదలాంటి పొడి వస్తుంది, తర్వాత సన్న నూలు. నూలు కనబడగానే ఆపాలి, అప్పటికి అర మిల్లీమీటరు లోతు దిగి ఉంటుంది. పక్కకు జరిపేటప్పుడు మొదటి పన్ను వెనకటి గాడిలోనే కూర్చోవాలి, లేకపోతే అతుకు దగ్గర అల రెండుగా కనిపిస్తుంది. ఇక్కడ శాండ్‌పేపరు పెట్టకూడదు. పాత టూత్‌బ్రష్షుతో దులిపితే చాలు.

తర్వాత గరాటు. పై అంచు, కింది నోరు రెండూ కొలతకు తెచ్చుకుని మధ్యలో నేరుగా కలపాలి. నడుమ పల్లం పడటం సహజం. స్టీలు స్కేలు ఆనించి వెలుగు చూస్తే తెలుస్తుంది. పైకప్పు చివర్లో చేసి, మూత దగ్గర తెంచేయాలి. మూత వేరే ముక్క, 17.5 మి.మీ.

మధ్యాహ్నం కాళ్ల పని. 180 మి.మీ. కాగితం పట్టీని డోలుకు చుట్టి 45కు ఒక గుర్తు. గుర్తు దగ్గర 3 మి.మీ. గుండ్రటి ఆకురాయితో 1 మి.మీ. లోతు గాడి తీయాలి. గాడి లేకుండా అంటిస్తే వెదురు పుల్ల అలల కొనల మీద మాత్రమే ఆనుతుంది, చెయ్యి తగిలితే ఊడుతుంది. పుల్ల పొడవు 87 మి.మీ.: డోలు మీద 25, గరాటు పొడవునా 38.5, నోటి కింద ఖాళీ 19, మిగతాది బిన్ను నిలబడే చెక్క పీటలోకి. పీట రంధ్రాలు 41 మి.మీ. చదరం మూలల్లో. దాణా గొట్టానికి ఖాళీ పెన్ను రీఫిల్ సరిపోతుంది.

రంగు కుంచెతో వేస్తే అలలు పూడిపోతాయి. బూడిదరంగు ప్రైమరు స్ప్రేతో రెండు పల్చటి పూతలు, పైన అల్యూమినియం రంగు ఒక పొగలాంటి పూత. మిలమిల మెరిసేలా వేస్తే స్టీలు గిన్నెలా ఉంటుంది గానీ ఎండకు మాసిన జింకు రేకు కాదు.

కాళ్లను పీటకు జిగురుతో అంటించలేదు. బస్సులో తీసుకెళ్లేటప్పుడు బిన్నులు ఊడదీసి, ఒక్కొక్కటి కాగితంలో చుట్టి పడుకోబెట్టాలి. నిలబెట్టి పంపితే విరిగేది కాళ్లే.